చేను నడుమ గరిక

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఊరి నుంచి ఫోన్ వచ్చింది. నేను కన్నడ రాష్ట్రంలోని పావగడలో, తాలూకు ఆఫీసు ఎదురు సందులో, అర్జీలు టైపు చేసే చిన్న అంగడి నడుపుతాను. ఒక ముసలామె పింఛను అర్జీ సగంలో ఉంది. ఫోన్ చేసింది మా పక్క చేను ఆమె. "పాపా, మీ చిన్నాయన మీ సేన్లో పండుకోనుండాడు. లేపితే లేస్తా ల్యాడు. నువ్వొకసారి రామ్మా," అంది. మా వైపు చావు కబురు ఎవరూ సూటిగా చెప్పరు. పండుకోనుండాడు అంటారు, పలకతా ల్యాడు అంటారు. మిగిలింది మనమే పూరించుకోవాలి. నేను పూరించుకున్నాను. అయినా ఆ పింఛను అర్జీ చివరిదాకా టైపు చేసి, ప్రింటు తీసి, ఆ ముసలామె చేతికిచ్చాకే షట్టర్ దించాను.

'మీ సేన్లో' అనగానే ఆయన ఎక్కడ పడిపోయి ఉంటాడో, ఆ ఎండలో అక్కడికి ఎందుకు పోయి ఉంటాడో నాకు తెలిసిపోయింది. ఆ చోటికి పోవడానికి నాకు కాళ్లు రాలేదు.

మా చిన్నాయన అంటే మా నాయనకు సొంత తమ్ముడు. మీలో ఎవరైనా రాయచెర్లు దారిన పోయి ఉంటే, సోలార్ పలకలు మొదలయ్యే ముందు, చేల మీదుగా ఒక మనిషి ఒంటరిగా నడుస్తూ కనిపించి ఉండొచ్చు. ఒంటి మీద నారింజ రంగు కోటు, చేతిలో గొర్రెలు కాసే కట్టె, జేబులో చిన్న మిషన్. భూమిలో పోయే గ్యాస్ పైపు మీద నడవడమే ఆయన ఉద్యోగం. ఎక్కడో సముద్రం ఒడ్డున మొదలై, ఎక్కడో ఫ్యాక్టరీల దగ్గర తేలే ఆ పైపు మా చేల కింద నుంచి పోతుంది. దాని మీద ఎవరైనా తవ్వుతున్నారా, చెట్లు నాటుతున్నారా, గోడ లేపుతున్నారా అని రోజూ నడిచి చూసి చెప్పాలి. ఆయన ఎక్కడున్నదీ జేబులోని మిషన్ ఆఫీసుకు చెబుతూ ఉంటుంది.

చచ్చినవాడి కళ్లు చారెడు అని సామెత. పోయాక అందరి కళ్లూ పెద్దవే. మా చిన్నాయన కళ్లు నిజంగానే మంచివి, నేల మీద చీమ దారి మారినా పట్టేవి. కానీ ఆయన ఒక తప్పు చేశాడు. దానికి ముందు మేము రెండు చేశాం, తర్వాత నేనొకటి చేశాను. అవన్నీ దాచి ఆయన మంచితనం ఒక్కటే రాయమంటే నాకు చేతకాదు. చదివి మమ్మల్ని తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి.

మొదట ఆయన గొర్రెల మనిషి. సోలార్ పార్కు వచ్చి బీళ్లన్నీ లీజుకు పోయాక మేపడానికి జాగా లేక గొర్రెలను అమ్ముకున్నాడు. అమ్మిన రోజు రెండు పూటలూ అన్నం ముట్టలేదు. తర్వాత ఈ పని దొరికింది. "ఆడ గూడ నడిసేదే, ఈడ గూడ నడిసేదే. ముందర గొర్రెలు లేవు, అంతే," అన్నాడు.

పనిలో చేరిన కొత్తలో పంచాయితీ ఆఫీసు ముందు మీటింగ్ పెట్టారు. కంపెనీ నుంచి వచ్చిన ఆఫీసరు సగం కన్నడం, సగం ఇంగ్లీషులో పైపు జాగ్రత్తలు చెప్పాడు. జనం తలలు ఊపారు. ఎంత అర్థమైందో దేవుడికెరుక. అప్పుడు ఆయన చిన్నాయనను లేపి, నువ్వు మీ భాషలో చెప్పు అన్నాడు.

చిన్నాయన కట్టె గోడకు ఆనించి లేచాడు. "చూడండప్పా. పైపు సూడి గొర్రె మాదిరి. దాని పక్కన మెల్లగా పోవల్ల. కడుపు మీద కాలు పెట్టకూడదు. ఇంగోటి. మన ఇంట్లో సిలిండరుకు వాసన ఉంటాది. అది మనకు తెల్లాలని కలిపిన వాసన. ఈ పైపులో పొయ్యే గ్యాసుకు వాసన ల్యా. కారినా మీ ముక్కుకు తెల్లదు. ముక్కును నమ్మద్దు, గడ్డిని నమ్మండి. పచ్చగా ఉన్న గడ్డి ఒక్క తావులోనే ఎర్రబారి చచ్చిందంటే నాకు చెప్పండి."

వెనక నుంచి ఒకాయన నవ్వుతూ అన్నాడు. "మనకు ఎండాకాలం వస్తే ఊరంతా ఎర్రబారిన గడ్డే గదప్పా. అప్పుడు యాడని పరిగెత్తుతావు?"

అందరూ నవ్వారు. చిన్నాయన నవ్వలేదు. ఆ ప్రశ్న ఆయన మనసులో అలాగే ఉండిపోయిందని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. ఆ రోజు చివర్లో ఆయన ఒక మాట అన్నాడు. తర్వాత పదిమంది దగ్గర పది సార్లు విన్నాను. "సూసినోడు సెప్పల్ల. సెప్పకపోతే సూడనట్లే."

ఆయన ఆ మాట మీదే నడిచాడు. ఎవరైనా పైపు పక్కన చింత మొక్క నాటితే వారంలో పీకించేవాడు. బోరు బండి ఊళ్లోకి వస్తే దాని వెనకే పోయేవాడు. కలుపు తీసే ఆడవాళ్లు ఆట పట్టించేవారు. "పెండ్లాన్ని గూడ ఇంత బాగ సూసుకోవు కదప్పా," అని. "పెండ్లాం అయితే అరుస్తాది, నాకు వినబడతాది. పైపు అరవదు గదమ్మా," అనేవాడు. మా చిన్నమ్మ ఆ మాటకు నిజంగానే అరిచేది.

ఇక మా తప్పుల సంగతి.

పైపు వేసేటప్పుడు నేను ఏడో తరగతి. పైపు పోయిన దారి తెలియడానికి వాళ్లు పసుపు రంగు పూసిన రాళ్లు పాతి పోయారు. మా చేనులో ఒక రాయి సరిగ్గా నడిమధ్య పడింది. మా వైపు చేను నడుమ రాయి ఉందంటే దానికి ఒకటే అర్థం. ఇంటి మనిషిని అక్కడ మట్టి చేశారని. పైగా శనక్కాయ విత్తేటప్పుడు గొర్రుకు అడ్డం. "బతికినోళ్ల సేన్లో సమాది రాయేందిరా?" అన్నాడు నాయన. ఆ ఏడు తొలకరికి ముందు నాయనా నేనూ కలిసి ఆ రాయిని పెకలించి, దొర్లించుకుంటూ పోయి, పడమటి గట్టు మీద పాతాం. రాయికి గడ్డపార వేసింది నాయన. తోసింది నేను. పాతాక మట్టి బాగా కూరి, పైన ఎక్కి తొక్కింది కూడా నేనే.

చిన్నాయన పనిలో చేరాక మొదటి రోజే ఆ రాయి తావు తప్పిందని పట్టేశాడు. నాయన దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఆ రాయి మళ్లా నడుమ పెట్టల్ల."

"ఇన్నేండ్లు లేనిది ఇప్పుడేందిరా? పైపు యాడికీ పోదులే."

చిన్నాయన మళ్లీ అడగలేదు. ఊళ్లో అందరి మీదా రిపోర్టు ఇచ్చిన మనిషి అన్న మీద ఇవ్వలేకపోయాడు. అంతే కాదు. పైపు మీద సూటిగా నడిస్తే అన్న పంట తొక్కినట్లవుతుందని, మా చేను వచ్చేసరికి గట్టు వెంబడి పోయేవాడు. ఊరంతటికీ పైపు దారి చూపించేవాడు మా ఒక్క చేనులో మాత్రం మేము పాతిన దొంగ రాయి పక్కన నడిచాడు. ఇది చిన్న మర్యాదే. మాలాంటి ఇళ్లల్లో ఇలాంటి మర్యాదలు వంద ఉంటాయి. వాటి వల్ల ఎవరూ చావరనుకుంటాం.

రెండు ఎండాకాలాల కింద నాయన కృషి హొండకు అర్జీ పెట్టాడు. వాననీళ్లు నిలవడానికి చేనులో తవ్వే గుంట అది. ఆ అర్జీ టైపు చేసింది నేనే. గుంట ఎక్కడ తవ్వేది అని అడిగితే, "గట్టు పక్క పైపుండాది గదా, దానికి దూరంగా నడుమ తవ్వుదాం," అన్నాడు నాయన. మీరు నమ్మరు. నేనూ ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. ఆ రాయిని తన చేతులతో జరిపిన మనిషి, ఏళ్ల తరబడి దాన్ని గట్టు మీద చూసి చూసి, చివరికి ఆ రాయినే నమ్మాడు. మా నేలలో గట్టు రాయిని ఎవరూ అనుమానించరు. అన్నదమ్ములు కొట్టుకున్నా గట్టు రాయి దగ్గర ఆగుతారు. నాయన తన అబద్ధం దగ్గర అలాగే ఆగాడు. నేను? నేను టైపు చేశాను. నాకూ గుర్తు రాలేదు.

ఆదివారం జేసీబీ వచ్చింది. నేను ఫోటో తీయడానికి వెళ్లాను, అర్జీకి జత చేయాలని. ఛాతీ లోతున తవ్వాక, బకెట్టు కింద ఏదో గీసుకుపోయిన చప్పుడు వచ్చింది. బండ చప్పుడు కాదు. మా ఊళ్లో బండ చప్పుడు పసిపిల్లలకు కూడా తెలుసు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. అదే సమయానికి చిన్నాయన గట్టు మీద వస్తున్నాడు. జేసీబీని చూసి పరిగెత్తుకొచ్చి గుంటలోకి దూకాడు. అరచేత్తో మట్టి తుడిచాడు. పైపు మీది నల్లటి పూత జానెడు పొడవున లేచిపోయి, లోపల ఇనుము కొత్త రూపాయిలా మెరుస్తోంది. చిన్నాయన దాని మీద చెయ్యి పెట్టాడు. చెవి ఆనించి విన్నాడు.

"కారతా ల్యా," అన్నాడు. "ఫోన్ చేస్తా. ఎవరూ బీడీ గీడీ ముట్టిచ్చద్దండి."

అప్పుడు నాయన గుంట అంచున కూలబడ్డాడు. మా నాయన ఎవరి ముందూ తగ్గే మనిషి కాదు. ఆ రోజు తమ్ముడి ముందు చేతులు జోడించాడు. "రేయ్, కారడం ల్యా అంటివి గదరా. రాయి జరిపింది నేనే, తవ్వింది నేనే. కేసు పెట్టి తోలుకపోతారు. ఈ వయసులో నన్ను జైలుకు పంపుతావా?"

చిన్నాయన పైకి చూశాడు. మొదట అన్నను, తర్వాత నన్ను. నేను ఏదైనా అంటానని చూశాడేమో. నేను నేల చూపులు చూశాను. కాసేపటికి ఆయన గుంటలోంచి పైకొచ్చి, పార అందుకుని, తనే మట్టి తోయడం మొదలుపెట్టాడు. పైపుకు రాళ్లు తగలకుండా ఏరి, మెత్తటి మట్టి వేశాడు. ఆఫీసు నుంచి మిషన్‌కు ఏదో మెసేజి వచ్చింది. అంతా బాగానే ఉంది అని నొక్కాడు. బండ అడ్డుపడి గుంట మానుకున్నామని ఊళ్లో చెప్పుకున్నాం. పావగడ తాలూకాలో బండ పడిందంటే నమ్మని వాడు లేడు.

మరుసటి రోజు ఉదయమే నా అంగడికి వచ్చాడు. నారింజ కోటు తీసి మడిచి చంకలో పెట్టుకుని, స్టూలు మీద కూర్చున్నాడు. "రాయి పాపా. కన్నడంలో రాయి, ఆఫీసుకు," అన్నాడు. ఆయన చెప్పాడు, నేను టైపు చేశాను. ఫలానా చేనులో రాయి తావు తప్పి ఉన్నది నేను చూశాను, చెప్పలేదు. పైపు గీసుకుపోయింది చూశాను, చెప్పలేదు. నా చేతులతో మూశాను. తప్పు నాది. వచ్చి చూడండి. అన్న పేరు ఎక్కడా రాయనివ్వలేదు. కింద తెలుగులో సంతకం పెట్టాడు. ఒక్కో అక్షరం విడివిడిగా.

ప్రింటు తీసిన కాగితం చేతికిస్తూ నేను నా తప్పు చేశాను. "ఆగు చిన్నాయనా. ఈ కాగితం ఇస్తే నీ పని పోతాది. నాయన మీద కేసు ఎట్లయినా వస్తాది. పైపు లోపల మిషన్ పంపి సూస్తారని నువ్వే చెప్పినావు గదా. ఆ గీత వాళ్లకే తెలుస్తాది. మనమెందుకు ముందే పొయ్యి తల దూర్చేది?"

ఆయన నన్ను చూశాడు. "ఆ మిషన్ ఎప్పుడు వస్తాదో మనకు తెల్లదు పాపా."

"వస్తాది లే. కొన్నాళ్లు సూద్దాం."

"సరే. సదువుకున్నదానివి, నువ్వు చెప్తే సరే," అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మెడలో వేలాడే గుర్తింపు కార్డు ప్లాస్టిక్ కవరులో, కార్డు వెనక దోపుకున్నాడు. నన్ను జీవితంలో చాలామంది తిట్టారు. ఏ తిట్టూ ఆ మాటంత దిగలేదు.

ఆ తర్వాత ఆయన రోజుకు రెండు సార్లు నడవడం మొదలుపెట్టాడు. ఉదయం నడక డ్యూటీ. మిషన్ జేబులో ఉంటుంది, ఆఫీసు మ్యాపులో ఆయన ఒక చుక్కై కదులుతాడు. ఇంటికొచ్చి మిషన్‌ను చార్జింగుకు పెట్టి, మధ్యాహ్నం సంగటి తిని, మళ్లీ బయలుదేరేవాడు. ఈ నడక ఏ మ్యాపులోనూ లేదు. ఇది మా చేను దాకా మాత్రమే. చేతిలో నీళ్ల క్యాను.

మూసేసిన గుంట మీద ఆయన గరిక నాటాడు. మంచం వేసేంత జాగాలో, వంక గట్టు నుంచి వేర్లతో సహా తెచ్చి. రైతు చేనులో గరిక నాటడం ఏమిటో పల్లెలో పుట్టిన వాళ్లకు చెప్పక్కర్లేదు. గరిక పీకి పీకి చేతులు కాయలు కాసిన కులం మాది. ఊళ్లో నవ్వారు. తలకు ఎండ కొట్టిందన్నారు, ఏదో మొక్కు అన్నారు. నాయన మాత్రం ఆ ముక్క వదిలేసి చుట్టూ విత్తాడు.

నేనూ నవ్వాను. "ఏంది చిన్నాయనా, తోట పెడతా ఉండావా?" అని.

"ఆ పొద్దు మీటింగులో ఆయప్ప అడిగినాడు, నీకు గ్యాపకముందా? ఎండాకాలం అంతా ఎండిన గడ్డే గదా, యాడని సూస్తావు అని. నిజమే గదా. అందుకే ఈ తావులో మాత్రం ఎండాకాలం రాకుండా సూసుకుంటా ఉండా. నీళ్లు పోసినా సచ్చిందంటే అది ఎండ కాదు. అందులోనూ గరిక. గరికే సచ్చిందంటే ఇంగ అనుమానం లేదు పాపా. ఆ పొద్దు కాగితం ఇచ్చేస్తా, ఎవరు అడ్డమొచ్చినా ఆగను."

అప్పుడు నేను నవ్వు ఆపాను. మా ఇంట్లో ఖాళీగా ఉన్న తెల్లటి నూనె క్యాను కడిగి ఇచ్చాను, ఇది తేలిగ్గా ఉంటుంది అని. అదే నేను చేసిన సాయం. కాగితం ఇచ్చెయ్ అని చెప్పడం నోటికి రాలేదు గానీ, క్యాను ఇవ్వడం చేతకొచ్చింది. మనుషులు తాగడానికి నీళ్ల ట్యాంకరు కోసం కొట్టుకునే ఊళ్లో, రెండు ఎండాకాలాలు ఆ గరిక పచ్చగా ఉంది. చుట్టూ ఎర్రమట్టి, అవతల నల్లగా సోలార్ పలకలు, నడుమ ఆ ఒక్క పచ్చటి ముక్క.

ఫోన్ వచ్చిన ఆ రోజు నేను వెళ్లేసరికి ఆయన్ని గట్టు మీదికి తెచ్చారు. గరికకు నాలుగు అడుగుల దూరంలో బోర్లా పడి ఉన్నాడట. క్యాను పక్కకు దొర్లి సగం నీళ్లు మట్టిలో ఇంకిపోయాయి. గుండె ఆగింది అన్నాడు డాక్టరు. ఎండ దెబ్బ అన్నారు ఊరివాళ్లు. నోట్లో నీళ్లు పోయాలని ఎవరో ఆ క్యాను అందుకుంటే, నాయన లాక్కున్నాడు. ఏం చేస్తాడా అని అందరం చూస్తుంటే, నడుచుకుంటూ పోయి మిగిలిన నీళ్లన్నీ గరిక మీద పోసి, అక్కడే నిలబడిపోయాడు. పిలిచినా రాలేదు. చాలామందికి అది పిచ్చి దుఃఖంలా కనిపించింది.

మూడో రోజు వల్లకాటికి పోయి పాలు పోసి వచ్చాక, చిన్నమ్మ నా దగ్గరికి ఆ గుర్తింపు కార్డు తెచ్చింది. ఆమెకు చదువు రాదు. "దీంట్లో ఏదో కాగితం ఉండాది పాపా. ఎప్పుడూ తీసేవాడు కాదు, నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. ఆఫీసులో ఏమన్నా పనికొస్తాదేమో సదువు," అంది. వసారాలో పదిమంది ఉన్నారు. నాయన స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

మడతల దగ్గర కాగితం చిరిగింది. చెమటకు అక్షరాలు అలుక్కుపోయాయి. నాకు చదవనక్కర్లేదు, నేను టైపు చేసిందే. "ఏదో డ్యూటీ కాగితం చిన్నమ్మా," అందామని నోరు తెరిచాను. అబద్ధం తయారుగానే ఉంది. అప్పుడు కింద ఆయన సంతకం కనిపించింది. విడివిడిగా, బడికి కొత్తగా పోయే పిల్లాడి అక్షరాల్లా. నేను మొదటి నుంచి చదివాను. కన్నడంలో ఉన్నదాన్ని తెలుగులో, వాక్యం వాక్యం. ఆయన రాయనివ్వని పేరు కూడా నేనే చెప్పాను. ఈ కాగితాన్ని ఆపింది ఎవరో కూడా చెప్పాను.

చిన్నమ్మ ఏడవలేదు. కార్డు నా చేతిలోంచి తీసుకుని కొంగుతో తుడిచింది. "అయితే నా మొగుడు మీ కోసరం సచ్చినాడు," అంది. గట్టిగా కూడా అనలేదు. నాయన లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని నాతో అన్నాడు. "బండి తియ్. ఆఫీసుకు పోదాం."

ఆఫీసులో ఆ కాగితం తీసుకోలేదు. రాసిన మనిషి లేడు కదా, ఎట్ల తీసుకునేది అన్నారు. అక్కడే కూర్చుని ఇంకోటి రాశాను, ఈసారి చేత్తో. రాయి జరిపింది మా నాయన, తోసింది నేను. తవ్వించింది మా నాయన, అర్జీ రాసింది నేను. చెప్పబోయిన మనిషిని ఆపింది నేను. నాయన వేలిముద్ర వేశాడు, నేను సంతకం పెట్టాను. ఇన్నేళ్లుగా ఎంతమందికో అర్జీలు రాశాను. నిజం తప్ప ఇంకేమీ లేని అర్జీ అదొక్కటే.

సాయంత్రానికే వాళ్లు వచ్చారు. పైపులో ఒత్తిడి తగ్గించి, మా వీధిలో పొయ్యిలు ఆర్పించి, జేసీబీ లేకుండా పారలతో తవ్వారు. గరికను ముక్కలు ముక్కలుగా కోసి పక్కన వేశారు. పైపు బయటపడ్డాక ఇంజనీరు దాని మీద ఏదో మందు రాసి, లైటు వేసి చూశాడు. తర్వాత నన్ను పిలిచి చూపించాడు. గీత వెంబడి వెంట్రుకంత సన్నటి పగుళ్లు.

"గరిక పచ్చగానే ఉండాది గద సార్?" అన్నాను. చిన్నాయన తరఫున వాదించాలనిపించింది.

ఆయన నెమ్మదిగా, కన్నడంలో చెప్పాడు. ఇలాంటివి ప్రతిసారీ ముందు కొంచెం కొంచెం కారవమ్మా. పగులు పెరుగుతూ పెరుగుతూ ఉండి ఒకేసారి తెరుచుకోవచ్చు. గడ్డికి తెలిసేలోపే అయిపోతుంది. అని చెప్పి, మా వీధి వైపు చూశాడు. అక్కడి నుంచి చూస్తే మా వంటింటి గోడ కనిపిస్తుంది.

చిన్నాయన రెండేళ్లు మోసిన నీళ్లు దేనికీ పనికిరాలేదని ఆ పూట తెలిసింది. ఊరిని కాపాడేది ఆయన పెంచిన గరిక కాదు, మెడలో వేలాడిన ఆ కాగితం. ఆయన మొదట చెప్పిందే నిజం. సూసినోడు సెప్పల్ల. ఆ మాట ఆయనకు తెలుసు, నేనే మరిపించాను.

పైపుకు ఇనుప తొడుగు వేసి బిగించారు. కేసు నడుస్తోంది, నాయనా నేనూ వాయిదాలకు పోతున్నాం. చిన్నమ్మకు ఇంకా ఏమీ రాలేదు. ఆయన పడిపోయిన వేళ మ్యాపులో చుక్క ఇంట్లో ఉంది, కాబట్టి డ్యూటీలో లేడంటున్నారు. ఆమె మా గడప తొక్కడం మానేసింది. నేను వారానికోసారి పోయి ఆమె గడపలో కూర్చుని వస్తాను. కొన్నిసార్లు మాట్లాడుతుంది, కొన్నిసార్లు లేదు.

పసుపు రాయిని కంపెనీవాళ్లు మళ్లీ చేను నడుమ, దాని తావులో పాతారు. చిన్నాయన పడిన చోటుకు నాలుగు అడుగులు. కోసి పడేసిన గరికలో ఏ వేరు మిగిలిందో, మొదటి వానకు రాయి చుట్టూ మళ్లీ మొలిచింది.

శనక్కాయ విత్తడానికి పక్క ఊరి ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు ఒక సాలు పోయి, రాయి దగ్గర ఆపి, గట్టు మీద ఉన్న నాయనకు కేకేశాడు. "పెద్దాయనా, ఈ రాయి అడ్డమొస్తా ఉండాది. పీకి గట్టు మీద పెడదామా?"

నాయన చెప్పులు విడిచి చేనులోకి దిగాడు. రాయి దాకా నడిచి వెళ్లి దాని తల మీద చెయ్యి పెట్టాడు.

"ముట్టద్దప్పా. మా తమ్మునిది," అన్నాడు.

డ్రైవరు గబుక్కున టోపీ తీసి, బండిని దూరంగా తిప్పుకుని పోయాడు. ఇప్పుడు మా చేనంతా శనక్కాయ పైరు మొలిచి, నడుమ గుండ్రంగా ఒక జాగా ఖాళీగా ఉంది. అందులో పసుపు రాయి, దాని చుట్టూ ఎవరూ పీకని గరిక.